సిరప్ పట్టించాలా, పారబోయాలా?

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు. ఎనిమిది రోజులుగా దగ్గు. జ్వరం మొదటి రెండు రోజులే ఉంది. పగలు బాగానే ఆడుకుంటాడు, రాత్రయితే దగ్గి దగ్గి లేస్తాడు. ఒకసారి వాంతి కూడా చేసుకున్నాడు. నిరుడు ఆర్‌ఎంపీ రాసిచ్చిన సిరప్ ఫ్రిజ్‌లో సగం ఉంది, అదే పట్టించమని మా అత్తగారు అంటున్నారు. మావారేమో మధ్యప్రదేశ్‌లో పిల్లలు చనిపోయిన వార్తలు చూసినప్పటి నుంచి సిరప్ కనిపిస్తే ఊరుకోవడం లేదు, జ్వరం మందు కూడా డస్ట్‌బిన్‌లో పడేశారు. ఏ కంపెనీ సిరప్‌ను నమ్మొచ్చు? సీసాలో విషం ఉందో లేదో ఇంట్లోనే తెలుసుకునే మార్గం ఉందా? తేనె, కషాయం ఇస్తే సరిపోతుందా? ఆయుర్వేదం సిరప్ అయితే ఫర్వాలేదా?
– ఖమ్మం జిల్లా నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఫ్రిజ్‌లో ఉన్న ఆ సగం సీసా మాత్రం పట్టించకండి. అందులో విషం ఉందని కాదు. నిరుడు బాబు బరువు వేరు, వచ్చిన జబ్బు వేరు. మూత తీసి ఏడాదైన సిరప్ ఎవరికీ పనికిరాదు. అత్తగారితో వాదన ఎందుకనుకుంటే మందు పాతబడిపోయిందని చెప్పండి, అది అబద్ధం కూడా కాదు.

సీసాల గొడవ కంటే ముందు బాబు ఊపిరి సంగతి చూడాలి. రాత్రి నిద్రపోయాక చొక్కా పైకి జరిపి, ఫోన్‌లో నిమిషం టైమర్ పెట్టుకుని, ఊపిరికి పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తోందో లెక్కపెట్టండి. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేయొద్దు, పిల్లల ఊపిరి ఒకే తీరున నడవదు. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నిమిషానికి 40, ఆపైన ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది వేగమైన ఊపిరి. న్యుమోనియా కావచ్చు కాబట్టి అదే రోజు డాక్టరుకు చూపించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, నీళ్లు కూడా తాగలేకపోతున్నా, మత్తుగా పడి ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. పల్లీలో శనగలో తింటూ పొలమారిన తర్వాత మొదలైన దగ్గయితే అది వేరే కథ. గింజ ఊపిరితిత్తుల దారిలో ఇరుక్కుని ఉండొచ్చు, దానికి ఆస్పత్రే దిక్కు. ఇవేవీ లేవనుకుంటే, మీరు రాసినదాన్ని బట్టి ఇది జలుబు వెనకాలే వచ్చే మామూలు వైరల్ దగ్గులాగే ఉంది. దగ్గు తెర ఆగక వాంతి కావడం ఈ వయసు పిల్లల్లో తరచూ చూసేదే.

ఎనిమిది రోజులైనా తగ్గలేదన్నది మీ టెన్షన్. పిల్లల దగ్గు ఎన్నాళ్లుంటుందో తేల్చడానికి పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. సగం మంది పిల్లలకు దగ్గు తగ్గడానికి దాదాపు పది రోజులు పడుతుందని, పదిమందిలో తొమ్మిదిమందికి తగ్గాలంటే 25 రోజుల దాకా ఆగాలని అందులో తేలింది. మనమేమో మూడోరోజుకే డాక్టర్ని మారుస్తాం, ఐదోరోజుకు సిరప్ మారుస్తాం. ఏడోరోజున దగ్గు తగ్గితే ఆ ఘనత చివరి సీసాకు కట్టబెడతాం. నిరుడు ఆ సిరప్ ‘బ్రహ్మాండంగా పనిచేసింది’ అని మీ అత్తగారికి గుర్తుండటానికి బహుశా కారణం అదే. పైగా అలాంటి సిరప్‌లు చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. దానికి మగత వస్తుంది. పిల్లాడు పడుకుంటాడు, ఇల్లంతా పడుకుంటుంది.

ఇక మీవారి భయం. ఆయన చూసిన వార్త నిజమే. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో 20 మందికి పైగా పసిపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. వాళ్లకు పట్టించిన కోల్డ్రిఫ్ అనే సిరప్ తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో తయారైంది. ఎస్‌ఆర్-13 బ్యాచ్ సీసాలను తమిళనాడు ప్రభుత్వ ల్యాబ్‌లో పరీక్షిస్తే 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ బయటపడింది. ఉండదగిన పరిమితి 0.1 శాతం. అంటే 5 మిల్లీలీటర్ల డోసు పోసిన ప్రతిసారీ దాదాపు రెండున్నర గ్రాముల విషం పిల్లాడి కడుపులోకి వెళ్లింది. తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం కూడా ఆ వారంలోనే ఈ బ్యాచ్ ఎవరూ వాడొద్దని హెచ్చరించింది.

ఇది సిరప్‌లోకి ఎలా వస్తుందో తెలిస్తే మీ మిగతా ప్రశ్నలకు జవాబు సులువవుతుంది. ఏదైనా జలుబు సిరప్ లేబుల్ తిప్పి చూడండి. ‘ప్రతి 5 మి.లీ.లో’ అని మొదలుపెట్టి పారాసెటమాల్ ఇంత, ఫినైలెఫ్రిన్ ఇంత, క్లోర్‌ఫెనిరమిన్ ఇంత అని మిల్లీగ్రాముల్లో లెక్క రాసి ఉంటుంది. కింద రంగు పేరు, ఆ తర్వాత ‘ఫ్లేవర్డ్ సిరపీ బేస్’ అని చాలా చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది. సీసాలో ఎక్కువ భాగం నిజానికి అదే. దానికి మాత్రం లెక్కా పత్రం కనిపించదు.

ఆ బేస్ లేకపోతే సిరప్ తయారుకాదు. పారాసెటమాల్ మామూలు నీళ్లలో లీటరుకు సుమారు 14 గ్రాములే కరుగుతుంది. 5 మి.లీ.కి 125 మిల్లీగ్రాములు రావాలంటే లీటరుకు 25 గ్రాములు కరగాలి. అందుకే ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, సార్బిటాల్ లాంటివి కలుపుతారు. మందుల కోసం శుద్ధిచేసిన రకమైతే వీటితో ఇబ్బంది లేదు. డైఇథిలీన్ గ్లైకాల్ కూడా చూడటానికి అచ్చం వీటిలాగే ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు, చిక్కగా ఉంటుంది, నాలుకకు తియ్యగా తగులుతుంది. మందును బాగానే కరిగిస్తుంది, ధర కూడా తక్కువ. బ్రేక్ ఆయిల్‌లోనూ, రెజిన్ల తయారీలోనూ వాడే పారిశ్రామిక రసాయనం అది. డ్రమ్ము మీద లేబుల్ మార్చినవాడు ఒకడు, పరీక్ష చేయకుండానే వాడేసినవాడు ఇంకొకడు. ఇద్దరూ కలిస్తే చాలు.

ఇది కొత్త ప్రమాదం కాదు, అదే నాకు ఒళ్లు మండే విషయం. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ అనే మందును ఇదే రసాయనంలో కరిగించి అమ్మితే వంద మందికి పైగా చనిపోయారు. మందు సురక్షితమని ముందే చూపించాలన్న అక్కడి 1938 నాటి చట్టం ఆ చావుల తర్వాతే వచ్చింది. మన దగ్గర 1972లో మద్రాసు, 1986లో ముంబయి జేజే ఆస్పత్రి, 1998లో గుర్‌గావ్, 2020లో జమ్మూలోని రామ్‌నగర్. 2022లో గాంబియాలో సుమారు 70 మంది పిల్లలు చనిపోయినప్పుడు అక్కడి సిరప్‌లలోనూ, ఆ తర్వాత ఉజ్బెకిస్తాన్ సిరప్‌లలోనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ కల్తీనే కనిపెట్టింది. ఆ మందులు మన దేశంలో తయారైనవే. అదే ఏడాది ఇండోనేషియాలో 200 మందికి పైగా పిల్లలు పోయారు. అక్కడ పిల్లలు తాగినవాటిలో జ్వరానికిచ్చే పారాసెటమాల్ సిరప్‌లు కూడా ఉన్నాయి. కాబట్టి జ్వరం మందు పారేసిన మీవారిని మరీ పిచ్చివాడిలా చూడకండి.

ఒంట్లోకి వెళ్లాక ఇది ఏం చేస్తుందన్నది చాలాకాలం సరిగ్గా తెలియలేదు. అమెరికాలోని లూసియానా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు గత పదిహేనేళ్లలో ఆ చిక్కు చాలావరకు విప్పారు. డైఇథిలీన్ గ్లైకాల్‌ను మన లివరు విరగ్గొట్టే క్రమంలో డైగ్లైకాలిక్ ఆమ్లం పుడుతుంది. అది కిడ్నీలోని సన్నని గొట్టాల కణాల్లో చేరి పేరుకుపోతుంది, బయటికి రాదు. ఆ కణాలు చచ్చిపోతాయి, మూత్రం ఆగిపోతుంది. అందుకే మొదటిరోజు పిల్లాడు బాగానే ఉన్నట్టు కనిపించి, తర్వాత వాంతులు, కడుపునొప్పి, మగత మొదలవుతాయి. లివరు ఆ పని చేయకుండా మొదట్లోనే అడ్డుకునే ఫోమెపిజోల్ అనే విరుగుడు ఉంది, డయాలిసిస్ ఉంది. రెండింటికీ సమయమే ప్రాణం. ఏ సిరప్ అయినా పట్టించిన తర్వాత రెండు మూడు రోజుల్లో పిల్లలు మూత్రం పోయడం బాగా తగ్గినా, వాంతులు ఆగకపోయినా, మగతగా ఉన్నా వెంటనే పెద్దాస్పత్రికి వెళ్లాలి. సీసా కూడా వెంట తీసుకెళ్లాలి. భయపడి సీసా పారేస్తే ఆ పిల్లాడికి ఏమైందో, ఆ బ్యాచ్ ఇంకెంతమంది ఇళ్లలో ఉందో తెలుసుకునే దారి మూసుకుపోతుంది.

ఇంట్లో పరీక్ష చేసే మార్గం లేదు. రంగు, వాసన, చిక్కదనం, రుచి, సీసా ఊపితే వచ్చే నురగ, ఏదీ పనికిరాదు. యూట్యూబ్‌లో ఎవరైనా చిట్కా చెబితే నమ్మకండి. ల్యాబ్‌లో పూత పూసిన పలక మీద చుక్క వేసి, ద్రావకంతో ఆ మరకను పైకి పాకించి చూసే థిన్ లేయర్ క్రొమటోగ్రఫీతో అనుమానం తేలుస్తారు, గ్యాస్ క్రొమటోగ్రఫీతో శాతం చెబుతారు. ఇదేమీ రాకెట్ సైన్స్ కాదు, ఖర్చూ పెద్దది కాదు. గ్లిజరిన్ డ్రమ్ము మందు తయారీలోకి దిగేముందు ఫ్యాక్టరీలో చేయాల్సిన పని అది.

అందుకే ఏ కంపెనీ మంచిదని అడిగితే పేరు చెప్పలేను. తప్పు జరిగేది బ్యాచ్‌లో. ఒకే కంపెనీ నిరుడు తెచ్చిన డ్రమ్ము మంచిదై, ఈ ఏడాది డ్రమ్ము కల్తీది కావచ్చు. గాంబియా తర్వాత మన ప్రభుత్వం విదేశాలకు వెళ్లే దగ్గు సిరప్‌లను ముందుగా ప్రభుత్వం గుర్తించిన ల్యాబ్‌లో పరీక్షించాలని 2023 జూన్ 1 నుంచి నిబంధన పెట్టింది. మన ఊరి మెడికల్ షాపుకు వచ్చే సీసాకు అప్పుడు ఆ నిబంధన పెట్టలేదు. ఛింద్వాడా వార్త చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ తేదీయే.

మీ చేతిలో ఉన్నది ఇంతే: డాక్టరు రాసిన మందే కొనండి, బిల్లు అడిగి తీసుకోండి, పట్టించేముందు లేబుల్ మీద బ్యాచ్ నంబరు కనిపించేలా ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. హెచ్చరిక వచ్చినప్పుడు అది బ్యాచ్ నంబరుతోనే వస్తుంది. ఏ మందు తేడా చేసిందనిపించినా 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పొచ్చు, మందుల దుష్ప్రభావాలు నమోదుచేసే కేంద్ర ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబరు అది.

కల్తీ సంగతి పక్కన పెట్టి, నిఖార్సైన సిరప్పే అనుకుందాం. అసలు అది పిల్లల దగ్గు తగ్గిస్తుందా? పిల్లలకు దగ్గుమందులు పనిచేస్తాయనడానికి గట్టి ఆధారం లేదని అధ్యయనాలు కలిపి చూసిన సమీక్షలు చెబుతూనే ఉన్నాయి. 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ రాష్ట్రాలకు పంపిన సూచన కూడా అదే బాటలో ఉంది: రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దు, ఐదేళ్లలోపు పిల్లలకు మామూలుగా వద్దు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద రాయమని మన ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులోనే కంపెనీలను ఆదేశించారు. కోల్డ్రిఫ్‌లోనూ ఆ రెండూ ఉన్నాయి. విషం కలవకపోయినా ఛింద్వాడా పిల్లల్లో నాలుగేళ్లలోపు వాళ్లకు ఆ సీసా వెళ్లకూడదు. మీ బాబుకు మూడేళ్లే.

ఒక అధ్యయనం నాకు చాలా ఇష్టం. అమెరికాలోని పెన్సిల్వేనియాలో నాలుగేళ్లలోపు పిల్లలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు రాత్రి పడుకునేముందు అగావె అనే మొక్క తియ్యటి రసం, రెండో గుంపుకు ద్రాక్ష వాసన, రంగు కలిపిన నీళ్లు ఇచ్చారు, మూడో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. మర్నాడు తల్లిదండ్రులను అడిగితే, రసం ఇచ్చిన ఇళ్లలోనూ నీళ్లిచ్చిన ఇళ్లలోనూ దగ్గు బాగా తగ్గిందన్నారు. ఏమీ ఇవ్వని ఇళ్లవాళ్లు అంతగా తగ్గలేదన్నారు. రసానికీ ఉత్త రంగునీళ్లకూ తేడా కనిపించలేదు. పసిపిల్లల దగ్గుకు ఏదో ఒకటి ఇచ్చామన్న తృప్తి అమ్మానాన్నలకు కావాలి. అది తప్పని నేననను, రాత్రంతా పిల్లాణ్ణి భుజాన వేసుకుని తిరిగినవాళ్లకు ఆ మాత్రం కావాలి. ఆ తృప్తి హాని చేయనిదాంట్లో దొరికితే చాలు.

తేనె అందుకు బాగా సరిపోతుంది. రంగునీళ్ల కంటే దానికి ఆధారం కూడా కొంత మెరుగే. ఇజ్రాయెల్‌లో 1 నుంచి 5 ఏళ్ల వయసున్న 300 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. నిద్రకు అరగంట ముందు తేనె తాగిన పిల్లలు ఖర్జూర రసం తాగిన పిల్లల కంటే ఆ రాత్రి తక్కువ దగ్గారు. 2018లో అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు కూడా ఏమీ ఇవ్వకపోవడం కంటే తేనె నయమని, దగ్గుమందుల్లో వాడే డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌కూ దీనికీ పెద్ద తేడా లేదని తేలింది. అద్భుతాలేమీ ఆశించొద్దు. పడుకునేముందు అర టీస్పూను నుంచి ఒక టీస్పూను నాకించండి, తర్వాత నోరు పుక్కిలించమనండి. ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె చుక్క కూడా పెట్టకూడదు. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే అలవాటు మీ ఇళ్లలో ఉంటే మానేయండి. బాట్యులిజం అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి తేనెలో ఉండే అవకాశం ఉంది, అది పసికందుల ఊపిరినే ఆపగలదు.

కషాయం గోరువెచ్చగా, ఘాటు లేకుండా రెండు మూడు చెంచాలు ఇస్తే తప్పులేదు. మిరియాలు దట్టించి ముక్కు మూసి పోయడం వద్దు, పొలమారితే దగ్గు కంటే పెద్ద తిప్పలు. మూడేళ్ల పిల్లాడి ముందు మరిగే నీళ్ల గిన్నె పెట్టి ఆవిరి పట్టొద్దు, ఒళ్లు కాలే ప్రమాదం ఎక్కువ. కర్పూరం కాచిన కొబ్బరినూనె ముక్కులో వేయకండి, పొరపాటున కడుపులోకి వెళితే కర్పూరం పిల్లలకు ఫిట్స్ తెప్పిస్తుంది. ముక్కు దిబ్బడకు ఉప్పునీటి చుక్కలు చాలు, షాపులో సెలైన్ డ్రాప్స్ అని అడగండి.

ఆయుర్వేదం సిరప్ గురించి ఒక్క మాటే. కరిగించే ద్రవం అక్కడా ఉంటుంది, డ్రమ్ముకు వైద్య పద్ధతుల తేడా తెలియదు.

జ్వరం మందు విషయంలో మీవారికి నచ్చజెప్పండి. దగ్గు సిరప్‌లా దాన్ని మానేయలేం, 103 జ్వరంతో పిల్లాడు వణుకుతుంటే పారాసెటమాల్ కావాలి. డోసు బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రెండు డోసుల మధ్య కనీసం నాలుగు గంటలు, రోజుకు నాలుగు సార్లకు మించకుండా. బాబు 13 కిలోలుంటే ఒక డోసుకు 130 నుంచి 195 మిల్లీగ్రాములన్నమాట. షాపులో 5 మి.లీ.కి 120, 125, 250 మిల్లీగ్రాముల సీసాలు పక్కపక్కనే ఉంటాయి, చుక్కల మందులోనైతే ఒక్క మి.లీ.లోనే 100 ఉంటుంది. ‘మూతకు సగం’ అన్న కొలత ఒక సీసాకు సరిపోయి ఇంకో సీసాకు రెట్టింపవుతుంది. ఇంటి చెంచా వద్దు, మందుతో వచ్చే కొలత కప్పో సిరంజో వాడండి. జలుబు సిరప్‌లో కూడా పారాసెటమాల్ ఉంటుందని పైన చెప్పాను కదా, రెండూ కలిపి ఇస్తే తెలియకుండానే డోసు ఎక్కువవుతుంది. ద్రవమంటేనే మీవారికి భయమైతే నీళ్లలో కరిగే చిన్నపిల్లల మాత్ర దొరుకుతుందేమో డాక్టర్ని అడగండి. చెంచా నీళ్లలో వేసి కరిగించి ఇస్తారు. మాత్రకు ఈ గ్లైకాల్ ద్రవాలతో పని లేదు. పిల్లలకు వీలున్నచోట ఇలాంటి మాత్రలే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చాలాకాలంగా అంటోంది.

పారేసిన సీసాలు ఇంకా డస్ట్‌బిన్‌లోనే ఉంటే తీసి బాబుకు అందకుండా చూడండి, తియ్యటి వాసనకు మూత తీసి తాగేసే వయసు. దగ్గు రెండు వారాలు దాటినా, జ్వరం మళ్లీ వచ్చినా, బరువు తగ్గుతున్నట్టనిపించినా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉన్నా ఆర్‌ఎంపీ దగ్గర ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. వెళ్లేటప్పుడు రాత్రి లెక్కపెట్టిన ఊపిరి అంకె, ఇంతవరకు ఇచ్చిన మందుల ఫొటోలు దగ్గర పెట్టుకోండి.